ఎండకు ఆగని యంత్రం ఎవరి కోసం?

కాగితాల కట్ట చంకన బెట్టుకొని ఊరు తిరిగే ఉద్యోగి నేడు కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో అరుదైపోయాడు. అంగన్‌వాడీ టీచరు చేతిలో సెల్‌ఫోను, ఏఎన్‌ఎం చేతిలో ట్యాబు, వ్యవసాయ విస్తరణాధికారి చేతిలో మరొక ట్యాబు, మీటరు రీడరు చేతిలో బిల్లు కొట్టే మిషను, బస్సు కండక్టరు చేతిలో టిక్కెట్ల మిషను కనబడుతున్నాయి. 2016 అక్టోబరు 11న ఈ రెండు పాత జిల్లాలు ముక్కలై కొత్త జిల్లాలు ఏర్పడిన దరిమిలా కలెక్టరాఫీసులు పెరిగాయి, వాటితోపాటు ఈ చేతి యంత్రాలూ పెరిగాయి. పని త్వరగా సాగాలన్నా, లెక్క తప్పకుండా ఉండాలన్నా ఇవి అవసరమేననడంలో సందేహం లేదు.

అయితే ఈ యంత్రాలను ఎంపిక చేస్తున్నది ఎవరు? ఏ కొలమానంతో ఎంపిక చేస్తున్నారు? రాజధానిలో చల్లని గదిలో బల్లమీద పెట్టి చూచి ముచ్చటపడిన యంత్రం రామగుండం ఎండలోనూ, ఉట్నూరు వానలోనూ, గోదావరిఖని బొగ్గు దుమ్ములోనూ అదేవిధంగా పనిచేస్తుందా? ఈ ప్రశ్నను ముందుగా వేసుకొని కొనుగోలుకు దిగడం ఇకనైనా అలవాటు కావలసి ఉన్నది.

అంగట్లో ఎద్దును కొనే రైతు దాని రంగు చూచి మురిసిపోడు. పళ్ళు పట్టి చూస్తాడు, సుడులు చూస్తాడు, నాలుగు అడుగులు నడిపించి చూస్తాడు, వీలైతే కాడి కట్టి చూస్తాడు. నల్లరేగడిలో దున్నవలసిన ఎద్దును నల్లరేగడికి తగినదిగానే ఏరుకొంటాడు. వేలాది రూపాయలు పోసి, వేల సంఖ్యలో కొనే యంత్రాల విషయంలో ఈపాటి జాగ్రత్త కూడా లేకపోవడం విచారకరం.

యంత్రం ఆగితే ఆగేది ఏమిటి?

ఇది ఉద్యోగుల సౌకర్యానికి మాత్రమే సంబంధించిన విషయమని కొందరు అనుకోవచ్చు. అది పొరపాటు. వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా ఉపాధి హామీ పనులన్నింటిలోను కూలీల హాజరును రోజుకు రెండు పర్యాయాలు ఫోటో తీసి యాప్‌లో నమోదు చేయాలని 2023 జనవరి 1 నుంచి దేశమంతటా నిర్బంధం చేశారు. ఈ ప్రాంతంలో ఉపాధి పనులు జోరుగా సాగేది ఏప్రిల్, మే నెలలలో. అంటే ఏడాదిలో ఎండ అతి తీవ్రంగా ఉండే రోజులలోనే చెరువు మట్టి తీసే చోట ఫోను చేతబట్టి నిలబడాలి. ఫోను వేడెక్కి ఆగిపోతే రెండో ఫోటో లేదు. ఫోటో లేకపోతే హాజరు చిక్కులో పడింది. హాజరు లేకపోతే కూలి లేదు. మట్టి మోసిన మనిషి అక్కడే ఉన్నా, మోసిన మట్టి అక్కడే ఉన్నా లెక్కలో మాత్రం ఆ మనిషి లేడు.

అంగన్‌వాడీల సంగతి కూడా అటువంటిదే. ఇంటికి ఇచ్చే పోషకాహారం తీసుకొనే తల్లుల ముఖాన్ని ఫోనులో గుర్తించిన తరువాతనే సరుకు ఇవ్వాలన్న నియమాన్ని కేంద్రం 2025 జులై 1 నుంచి తప్పనిసరి చేసింది. కెమెరా మసకబారినా, ఫోను నత్తనడక నడిచినా చంటిబిడ్డను ఎత్తుకొన్న తల్లి కేంద్రం గుమ్మంలో నిలబడవలసిందే. రేషను దుకాణంలో వేలిముద్ర మిషను ముందు నిలబడిన వృద్ధుల అవస్థ అందరికీ తెలిసినదే. యంత్రం చెడిపోయినప్పుడు నష్టం మొదట పడేది దానిని కొన్నవారిమీద కాదు, దాని ఎదుట నిలబడినవారిమీద.

అలాగని యంత్రాలే వద్దనడం కూడా న్యాయం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో స్మార్టుకార్డుల పథకం కింద ఉపాధి కూలిని, పింఛన్లను ఊళ్ళోనే వేలిముద్ర తీసుకొని చేతి యంత్రంతో చెల్లించే పద్ధతి ప్రవేశపెట్టారు. ఆదిలాబాద్‌తో సహా ఎనిమిది జిల్లాలలో 2010 - 2012 మధ్య దీనిని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థిక శాస్త్రజ్ఞులు విస్తృతంగా పరిశీలించారు. కూలి త్వరగా అందిందని, మధ్యలో జారిపోయే సొమ్ము గణనీయంగా తగ్గిందని వారు తేల్చారు. ఆ పరిశీలన 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూ పత్రికలో వెలువడింది. ఊరి గుమ్మంలో పనిచేసే యంత్రం పేదవానికి మేలు చేస్తుందనడానికి మన జిల్లాయే సాక్ష్యమన్నమాట. ఆ మేలు నిలవాలంటే యంత్రం నిలవాలి.

ముప్పై అయిదు డిగ్రీల గీత

ఇక ఎంపికలో చూడవలసిన మొదటి విషయం ఎండ. ప్రతి యంత్రం వెంట వచ్చే చిన్న పుస్తకంలో అది ఎంత వేడిలో పనిచేస్తుందో రాసి ఉంటుంది. కొనేవారు ఆ వాక్యాన్ని చదవడం అరుదు. లోకప్రసిద్ధమైన ఆపిల్ సంస్థ తన ఐప్యాడును 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య వాడుకోవాలని చెబుతున్నది. మామూలు ట్యాబులు, ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఇదే గీతకు అటూ ఇటూగా ఉంటాయి. రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్, జగిత్యాల ప్రాంతాలలో మే నెలలో 44, 45 డిగ్రీలు నమోదు కావడం కొత్త సంగతి కాదు. అది కూడా నీడలో తీసిన లెక్క. మోటారు సైకిలు పెట్టెలో, ఆటో ముందు అద్దం దగ్గర, నల్లని రెగ్జిన్ సంచిలో వేడి ఇంకెంతో హెచ్చుగా ఉంటుంది.

వేడి హద్దు మీరినప్పుడు మంచి యంత్రం తనను తాను కాపాడుకొనేందుకు ముందు తెర వెలుతురు తగ్గిస్తుంది, తరువాత పని నెమ్మదిస్తుంది, చివరకు ఆగిపోతుంది. నాసిరకం యంత్రానికి ఆ తెలివి కూడా ఉండదు. అన్నింటికన్న ముందు దెబ్బతినేది బ్యాటరీ. లిథియం బ్యాటరీకి వేడి పెద్ద శత్రువు. 45 డిగ్రీలు దాటిన వేడిలో దానికి ఛార్జింగు పెట్టరాదన్నది సాధారణ నియమం. నిండా ఛార్జింగు చేసి ఎండలో వదలివేసిన బ్యాటరీ ఒకటి రెండు వేసవులలోనే సత్తువ కోల్పోతుంది. ఉదయం ఎనిమిదికి నిండుగా బయలుదేరిన ట్యాబు పన్నెండింటికే చేతులెత్తేయడానికి కారణం ఉద్యోగి అజాగ్రత్త కాకపోవచ్చు.

ఎండకు గట్టి జవాబు లేకపోలేదు. సైన్యం, పోలీసు, చమురు బావుల పని కోసం తయారయ్యే దృఢమైన ల్యాప్‌టాప్‌లు కొన్ని 60 డిగ్రీల వరకు పనిచేస్తాయని తయారీదారులు లిఖితపూర్వకంగా చెబుతున్నారు. పానాసోనిక్ టఫ్‌బుక్ 1996 నుంచి ఈ కోవలో పేరు మోసినది. గెటాక్, డెల్ సంస్థలు కూడా ఇటువంటివి చేస్తున్నాయి. ట్యాబులలో శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ యాక్టివ్ వంటివి ఉన్నాయి. ఏ సరుకు కొన్నా సరే, టెండరు కాగితంలో ఎంత వేడికి తట్టుకోవాలో అంకె వేసి అడగడం ఈ ప్రాంతానికి తప్పనిసరి.

ఎండలో కనబడని తెర

వేడికి ఆగినంత మాత్రాన సరిపోదు, ఎండలో తెర కనబడాలి. తెర వెలుతురును నిట్ అనే కొలతతో చెబుతారు. ఇంట్లో, ఆఫీసులో వాడే మామూలు ల్యాప్‌టాప్ తెర 250, 300 నిట్లు ఉంటుంది. మిట్టమధ్యాహ్నం పొలం గట్టుమీద దాన్ని తెరిస్తే అందులో తన ముఖమే కనబడుతుంది తప్ప అక్షరం కనబడదు. ఆరుబయట పనికి 800 నిట్లకు తగ్గరాదు, వెయ్యి ఉంటే మేలు. ప్రతిబింబం తగ్గించే పూత కూడా ఉండాలి.

పంటల నమోదు చేసే ఏఈఓ ఒక్కొక్కరి కింద దాదాపు అయిదు వేల ఎకరాలు ఉండేలా రాష్ట్రంలో క్లస్టర్లు ఏర్పరచారు. సర్వే నెంబరు వారీగా పొలంలోకి పోయి, అక్కడే నిలబడి ఫోటో తీసి, పంట పేరు నమోదు చేయాలన్నది డిజిటల్ పంటల సర్వే పద్ధతి. ఈ పని భారం గురించి, మహిళా ఉద్యోగుల ఇబ్బందుల గురించి 2024 అక్టోబరులో ఏఈఓలు నిరసన తెలిపిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ వివాదం మాట ఎలా ఉన్నా, కనబడని తెరమీద పత్తికి బదులు పక్కనున్న కందిని నొక్కితే రేపు కొనుగోలు కేంద్రంలో ఇబ్బంది పడేది రైతు. చెమట పట్టిన వేలికి, తడి వేలికి కూడా సరిగా పలికే తెర, లేదా రాతకు పుల్లవంటి పెన్ను ఉన్న ట్యాబు ఇటువంటి పనికి ఎంతైనా అవసరం.

వాన, దుమ్ము - రెండంకెల మర్మం

ఆదిలాబాద్ అడవులలో వాన మొదలైతే వాగులు దాటడమే ఒక సాహసం. 2022, 2023 సంవత్సరాలలో జులై నెలలో కడెం ప్రాజెక్టు వద్ద వరద సృష్టించిన భయోత్పాతం ఇంకా మరపునకు రాలేదు. అటువంటి రోజులలోనే ఆరోగ్య సిబ్బందికి జ్వరాల సర్వే, రెవెన్యూ సిబ్బందికి నష్టాల అంచనా తప్పవు.

దుమ్ముకూ నీటికీ యంత్రం ఎంత ఆగుతుందో చెప్పడానికి ఐపీ అనే అక్షరాల పక్కన రెండంకెలు వేస్తారు. మొదటి అంకె దుమ్ముకు, రెండవది నీటికి. మొదటి అంకె 6 అయితే దుమ్ము లోపలికి చొరబడదు. రెండవ అంకె 4 అయితే చిందిన నీటికి, 5 అయితే గొట్టంతో చిమ్మిన నీటికి తట్టుకొంటుంది. 7 అయితే మీటరు లోతు మంచినీటిలో అరగంట మునిగినా ఫరవాలేదు. ఆ లెక్కన ఏజెన్సీ గ్రామాలు తిరిగేవారికి ఐపీ 65కు తగ్గని యంత్రం, వాగులు దాటేవారికి ఐపీ 67 సమంజసం. అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఛార్జింగు రంధ్రానికి ఉండే రబ్బరు మూత ఊడిపోయిన నాడు ఈ అంకెలు చెల్లవు. ఒకసారి మామూలు దుకాణంలో విప్పి బిగించిన యంత్రానికి కూడా ఆ హామీ ఉండదు.

మిలిటరీ ముద్ర చూచి మోసపోరాదు

ఈ మధ్య బజారులో చాలా ల్యాప్‌టాప్‌లమీద మిలిటరీ ప్రమాణానికి సరిపోయినదన్న ముద్ర కనబడుతున్నది. మిల్ ఎస్‌టీడీ 810 అనే ఈ ప్రమాణం అమెరికా రక్షణ శాఖ రూపొందించినది. కాని ఆ శాఖ ఏ ల్యాప్‌టాప్‌నూ పరీక్షించి సర్టిఫికెట్టు ఇవ్వదు. తయారీదారు తానే పరీక్ష జరుపుకోవచ్చు, డబ్బిచ్చి వేరొకరిచేత జరిపించుకోవచ్చు. ఆ ప్రమాణంలో వేడి, చలి, దుమ్ము, కుదుపు, వాన, పడిపోవడం వంటి పరీక్షలు అనేకం ఉన్నాయి. వాటిలో నాలుగయిదు మాత్రమే జరిపినా ముద్ర వేసుకోవడానికి అడ్డు లేదు.

పడిపోయే పరీక్షనే చూడవచ్చు. నాలుగు అడుగుల ఎత్తునుంచి అన్ని ముఖాలు, అంచులు, మూలలు నేలకు తగిలేలా 26 పర్యాయాలు పడవేస్తారు. వినడానికి బ్రహ్మాండంగా ఉన్నది. అయితే ఆ దెబ్బలన్నీ ఒకే యంత్రం తినాలన్న నియమం లేదు, అయిదు యంత్రాలకు పంచవచ్చు. కనుక ముద్ర ఉన్నదా అని అడగడంతో ఆగక, ఏ ఏ పరీక్షలు జరిగాయి, ఎంత ఎత్తునుంచి జరిగాయి, పనిచేస్తుండగా జరిగాయా లేక ఆపివేసి జరిగాయా, ఎవరు జరిపారు అని రాతమూలకంగా అడగాలి. జవాబు చెప్పలేని వ్యాపారి సరుకును పక్కన పెట్టడమే మంచిది.

మోటారు సైకిలుపై గతుకుల దారిన తిరిగేవారు ల్యాప్‌టాప్‌లో తిరిగే పళ్ళెం ఉన్న పాత రకం హార్డు డిస్కు లేకుండా చూచుకోవాలి. కుదుపుకు ముందుగా పోయేది అదే. ఇప్పుడు వస్తున్న ఎస్ఎస్‌డీలో కదిలే భాగం ఏదీ లేనందున ఆ భయం తక్కువ.

బొగ్గు గనుల సంగతి వేరు

గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతాలలో సింగరేణి పనుల కోసం యంత్రం కొనేవారు ఇంకొక భేదం గుర్తుంచుకోవాలి. ఓపెన్‌కాస్టు గనులలో సమస్య దుమ్ము, ఎండ, అదురు. ఐపీ అంకె హెచ్చుగా ఉన్న గట్టి ట్యాబు అక్కడ సరిపోవచ్చు. భూగర్భ గనులలో మాత్రం గట్టితనం చాలదు. మీథేన్ వాయువుండే చోట చిన్న నిప్పురవ్వ ప్రాణాంతకం. అగ్గిపెట్టె, బీడీ లోపలికి తీసుకుపోరాదన్న నియమం గని కార్మికులందరికీ తెలిసినదే. విద్యుత్తుతో నడిచే ఏ పరికరమైనా నిప్పురవ్వ పుట్టించని విధంగా ప్రత్యేకంగా నిర్మించినదై, ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ఆమోదం పొందినదై ఉండాలి. నాలుగు అడుగులనుంచి పడినా పగలని ట్యాబు అంటే గనిలోకి పనికివచ్చే ట్యాబు అని అర్థం కాదు. ఈ రెంటినీ కలగలపడం చాలా ప్రమాదకరం.

కరెంటు, సిగ్నలు, భాష

ఏజెన్సీలో ఉదయం వెళ్ళిన ఉద్యోగి సాయంత్రం దాకా ప్లగ్గు చూడకపోవచ్చు. కనుక బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుందన్నది ఒక ప్రశ్న అయితే, దానిని చేతితో విప్పి మరొకటి పెట్టుకొనే వీలున్నదా అన్నది అంతకన్న పెద్ద ప్రశ్న. విప్పే వీలున్న బ్యాటరీ రెండోది సంచిలో ఉంటే రోజు గడిచిపోతుంది. రెండేళ్ళకు సత్తువ తగ్గినా బ్యాటరీ ఒక్కటే మారిస్తే సరిపోతుంది, యంత్రాన్నే పారవేయనక్కరలేదు.

సిగ్నలు లేని చోట యంత్రం ఎంత గట్టిదైనా యాప్ మొరాయిస్తే ప్రయోజనం సున్న. నమోదును తనలో దాచుకొని, సిగ్నలు దొరికినప్పుడు పంపే గుణం యాప్‌కు ఉండాలి. ఇది అసాధ్యమేమీ కాదు. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ వంటి అడవులలో గస్తీ కోసం ఎం-స్ట్రైప్స్ అనే పద్ధతి ఉన్నది. అడవిలో సిగ్నలు లేకపోయినా సిబ్బంది నడిచిన దారి, చూచిన జాడలు ఫోనులో నమోదై, తిరిగి వచ్చాక లెక్కలోకి ఎక్కుతాయి. 2018 నాటి పులుల గణనలో దేశమంతటా దీనిని వాడారు. పులి అడుగుకు ఉన్న సౌకర్యం కూలివాని హాజరుకు ఎందుకు ఉండరాదు?

భాష విషయం కూడా చిన్నది కాదు. ఆత్రం, కొడప, మడావి, సిడాం వంటి ఇంటిపేర్లను ఇంగ్లీషు అక్షరాలలో ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా రాస్తున్నారు. ఆధారు కార్డుమీద ఒకటి, బ్యాంకు పుస్తకంలో ఒకటి, ట్యాబులో మరొకటి అయినప్పుడు డబ్బు ఆగిపోతున్నది. తెలుగులో సులువుగా కొట్టే మీటలు, తెలుగు సరిగా చూపే తెర ఉండడం ఎంపికలో ఒక షరతు కావాలి. నార్నూరు మండలంలోని గుంజాల గ్రామం పేరుతో వెలసిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం లభించింది. కంప్యూటర్ల ప్రపంచమంతా ఒప్పుకొన్న ఆ లిపిని ఆ మండలంలోనే తిరిగే ట్యాబు చదవలేకపోతే అంతకన్న విడ్డూరం ఉండదు.

చవక ధర - అసలు ధర

ఇంతా చెప్పిన తరువాత, గట్టి యంత్రాలు ఖరీదు గదా అన్న ప్రశ్న సహజం. నిజమే. మామూలు ట్యాబు పది, పదిహేను వేలకు దొరుకుతుంటే గట్టి ట్యాబు దానికి మూడు, నాలుగు రెట్లు. పూర్తి దృఢమైన ల్యాప్‌టాప్ లక్షన్నర, రెండు లక్షలు దాటుతుంది. ప్రభుత్వ ధనాన్ని పొదుపుగా వాడవలసిన అధికారి తక్కువ ధర పలికినవానికి ఆర్డరు ఇవ్వడం తప్పని అనలేము.

కాని లెక్క అక్కడితో ముగియదు. పన్నెండు వేల ట్యాబు రెండు వేసవులకు మూలబడుతుందని అనుకొంటే, ఆరేళ్ళలో మూడు కొనాలి. అది ముప్పై ఆరు వేలు. నలభై వేల ట్యాబు ఆరేళ్ళు పనిచేస్తే తేడా నాలుగు వేలు మాత్రమే. మధ్యలో పోయిన పని దినాలు, రెండోసారి చేసిన సర్వేలు, రిపేరు కోసం చేసిన ప్రయాణాలు కలిపితే చవకదే ఖరీదైనదని తేలుతుంది. ఆదిలాబాద్ నుంచి హైదరాబాదు దాదాపు 300 కిలోమీటర్లు, కరీంనగర్ నుంచి దాదాపు 160 కిలోమీటర్లు. సర్వీసు కేంద్రం రాజధానిలో మాత్రమే ఉన్న కంపెనీ సరుకు చెడిపోతే బాగుపడి తిరిగి వచ్చేసరికి ఒక సీజను గడిచిపోతుంది. కనుక జిల్లా కేంద్రంలోనే రిపేరు, ఇన్ని రోజులలో బాగుచేసి ఇవ్వాలన్న గడువు, అంతవరకు బదులు యంత్రం అన్న షరతులు ధరతో సమానంగా చూడాలి. ముందు నాణ్యత కవరు విప్పి, అందులో నెగ్గినవారి ధర కవరు మాత్రమే తరువాత విప్పే పద్ధతి ప్రభుత్వ కొనుగోళ్ళలో ఎప్పటినుంచో ఉన్నది. దానిని మనసుపెట్టి వాడుకొంటే చాలు.

మరొక వాదన కూడా ఉన్నది. అందరికీ ఇంత గట్టి యంత్రాలు అవసరమా? అవసరం లేదు. కాలినడకన ఇల్లిల్లూ తిరిగే ఆశా వర్కరు భుజాన మూడు కిలోల ల్యాప్‌టాప్ వేయడం ఉపకారం కాదు, శిక్ష. ఆమెకు తేలికైన మంచి ఫోను, గట్టి తొడుగు, తెరమీద గాజు రక్షణ, ఒక పవర్ బ్యాంకు చాలు. ఆఫీసులో కూర్చొని నమోదు చేసేవారికి మామూలు కంప్యూటరే మేలు. అందరికీ ఒకే రకం కొనడమే అసలు లోపం. పనినిబట్టి మూడు నాలుగు తరగతులు విడగొట్టి, ఎండలో, వానలో తిరిగేవారికే గట్టివి ఇస్తే ఖర్చు కూడా అదుపులో ఉంటుంది.

సొంత డబ్బుతో కొనేవారికి

సర్కారు కొలువు లేకుండా సొంత డబ్బు పెట్టుకొని యంత్రం కొనేవారి సంఖ్య తక్కువేమీ కాదు. 2025లో భూభారతి చట్టం అమలులోకి వచ్చిన తరువాత శిక్షణ పొందిన లైసెన్సు సర్వేయర్లు, బీమా ఏజెంట్లు, ఫోటోగ్రాఫర్లు, ఇంజనీరింగు పనుల మేస్త్రీలు, పాల సొసైటీల లెక్కలు చూచేవారు ఈ కోవలోకి వస్తారు. రెండు లక్షలు పెట్టలేనివారు పెద్ద కంపెనీలు వాడి వదలిన గట్టి ల్యాప్‌టాప్‌లను హైదరాబాదులో, సికింద్రాబాదులో పాత కంప్యూటర్ల దుకాణాలలో తక్కువ ధరకు కొనవచ్చు. అయితే బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తున్నదో అక్కడే చూచుకోవాలి. రంధ్రాల మూతలు, రబ్బరు అంచులు ఉన్నాయా, మడత బిగువుగా ఉన్నదా, ఇప్పటి సాఫ్టువేరు దానిలో నడుస్తుందా అని పరిశీలించాలి. దుకాణం బయటకు తెచ్చి, ఎండలో పది నిమిషాలు నడిపి చూడనివ్వని వ్యాపారి దగ్గర బేరం చేయకపోవడమే క్షేమం.

ఇకనైనా చేయవలసినది

2011 నాటి సామాజిక, ఆర్థిక, కుల గణనకు ప్రభుత్వ రంగ సంస్థ భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన చేతి ట్యాబులను లక్షల సంఖ్యలో వాడారు. తెలంగాణాలో 2014 ఆగస్టు 19న ఒకే రోజున జరిగిన సమగ్ర కుటుంబ సర్వే, 2024 నవంబరులో మొదలైన ఇంటింటి సర్వే కాగితంమీద సాగి, ఆ తరువాత కంప్యూటరుకెక్కాయి. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జనగణన జరుపుతామని కేంద్రం 2025 జూన్ 16న నోటిఫికేషను వెలువరించింది. ఇది దేశంలో మొదటి డిజిటల్ జనగణన. లెక్కించేవారి చేతిలో పుస్తకానికి బదులు మొబైల్ యాప్ ఉంటుంది. ఊరూరా తిరిగే యంత్రాలమీద ఆధారపడడం ముందుముందు పెరిగేదే కాని తరిగేది కాదు.

ఈ దృష్ట్యా జిల్లా అధికారులు కొన్ని పనులు వెంటనే చేపట్టవచ్చు. వేల సంఖ్యలో కొనే ముందు పది, పదిహేను యంత్రాలను తెప్పించి మే నెలలో రామగుండం, మంచిర్యాల ప్రాంతాలలోనూ, ఆగస్టులో ఉట్నూరు, తిర్యాణి, కెరమెరి మండలాలలోనూ, చలి అయిదారు డిగ్రీలకు దిగే డిసెంబరులో సిర్పూర్‌లోనూ పనిచేయించి చూడాలి. ఆ పరీక్షను ఇంజనీర్లతో పాటు రేపు దానిని మోయబోయే ఏఎన్‌ఎం, ఏఈఓ, అంగన్‌వాడీ టీచర్లచేత చేయించాలి. ఒడ్డున కూర్చున్నవారు వాగు లోతు ఎన్నయినా చెబుతారు. దిగినవారి మాటకు విలువ ఇవ్వడం వివేకం.

రెండవది, ఎండకు, వానకు సహజంగా చెడిపోయిన యంత్రానికి ఉద్యోగి జేబునుంచి సొమ్ము రాబట్టరాదన్న నియమం రాతపూర్వకంగా రావాలి. పగిలితే జీతంలో కోత పడుతుందన్న భయం ఉన్నచోట ట్యాబు బీరువాలో భద్రంగా ఉంటుంది, పని సొంత ఫోనుమీద సాగుతుంది. మూడవది, యంత్రం ఆగిన రోజున కాగితంమీద రాసిన హాజరు, కాగితంమీద ఇచ్చిన సరుకు చెల్లుబాటు కావాలి. యంత్రం లోపానికి మనిషి శిక్ష అనుభవించే పద్ధతి ఏ చట్టానికీ, ఏ ధర్మానికీ సమ్మతం కాదు.

ఈ మూడింటికి పెద్ద బడ్జెట్టు అక్కరలేదు. కొనుగోలు కాగితంమీద నాలుగు వాక్యాలు చేర్చడం, ఒక వేసవి ఓపిక పట్టడం, పనివారి మాట వినడం చాలు. మే నెల మిట్టమధ్యాహ్నం చెరువు గట్టుమీద ఫోటో తీయగలిగే యంత్రమే ఈ జిల్లాలకు తగిన యంత్రం. మిగిలినవన్నీ ఆఫీసు బల్లమీద అలంకారాలే. సంబంధితాధికారులు వచ్చే కొనుగోలుకు ముందుగానే ఈ విషయంపై దృష్టి సారించగలరని ఆశించవచ్చు.